ఎస్‌డీఎస్100 స్కానర్: బెజవాడలో కూర్చుని డాలస్‌లో ప్రోగ్రామ్ చేశాక

మా బావమరిది డాలస్ పక్కన ఉంటాడు. టోర్నడోలు వచ్చే ప్రాంతం, ఇంట్లో చిన్నపిల్లలు, ఫైర్ వాళ్ళూ అంబులెన్సు వాళ్ళూ ఏం మాట్లాడుకుంటున్నారో తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుందని యూనిడెన్ కంపెనీ ఎస్‌డీఎస్100 స్కానర్ కొన్నాడు, అంటే అలాంటి రేడియో మాటలను వెతికి పట్టి వినిపించే చేతి సెట్. దాదాపు 700 డాలర్లు. ఇంకొకరికి విడిగా డబ్బు కట్టి ప్రోగ్రామింగ్, అంటే ఎవరెవరి మాటలు వినాలో అందులో ఎక్కించడం, కూడా చేయించుకున్నాడు. నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు, "బావా, ఎప్పుడు చూసినా ఎవరిదో మాట చివరి ముక్కే వినపడుతోంది, అసలు సంగతి అందడం లేదు" అని. నాకు హామ్ లైసెన్సు (సరదాకు సొంతంగా రేడియోలో మాట్లాడుకునే అనుమతి) ఉంది కాబట్టి నన్ను పట్టుకున్నాడు. అలా అయిదు రోజులు, పొద్దున్న ఆరున్నరకు, అంటే వాళ్ళకు రాత్రి ఎనిమిదికి, సత్యనారాయణపురంలో మా ఇంట్లో కాఫీ గ్లాసుతో నేను, అక్కడ స్కానర్‌తో వాడు, మధ్యలో వీడియో కాల్, స్క్రీన్ షేరింగ్.

అక్కడి ఫైర్, అంబులెన్సు రేడియోలు నడిచేది ట్రంకింగ్ పద్ధతిలో. ముందు అదేమిటో చెప్పాలి, అది అర్థం కాకుండా ఈ సెట్ కొంటే డబ్బు దండగ. బ్యాంకులో టోకెన్ పద్ధతి చూశారు కదా. మీకంటూ ఒక కౌంటరు ఉండదు, ఏది ఖాళీ అయితే దానికి వెళ్ళమని బోర్డు మీద నంబరు పడుతుంది. ట్రంక్డ్ సిస్టమ్‌లో ఆ బోర్డు పని చేసేది కంట్రోల్ ఛానెల్, టోకెన్ నంబరు లాంటిది టాక్‌గ్రూప్ (ఒక్కో బృందం మాటలకు ఇచ్చే నంబరు), కౌంటర్లు వాయిస్ ఛానెళ్ళు. ఫైర్ డిస్పాచ్ వాళ్ళు (ఫైరింజన్లనూ అంబులెన్సులనూ పంపే కంట్రోల్ రూమ్) ఒక మాట ఒక ఫ్రీక్వెన్సీలో అంటే దానికి జవాబు ఇంకో ఫ్రీక్వెన్సీలో రావచ్చు. మామూలు రేడియోలో ఒక్క ఫ్రీక్వెన్సీ పెట్టుకుని కూర్చుంటే ఏమీ అర్థం కాదు. స్కానర్ బోర్డు వైపే చూస్తూ ఉండి, మనం చెప్పిన టోకెన్ పడగానే ఆ కౌంటరుకు పరిగెడుతుంది. పీ25 అనే డిజిటల్ రేడియో పద్ధతిలో నడిచే సిస్టమ్ అయితే కంట్రోల్ ఛానెళ్ళు ఇస్తే చాలు, మిగతా ఫ్రీక్వెన్సీల లెక్క టవరే చెబుతూ ఉంటుంది. ఈడాక్స్ లాంటి పాతకాలపు ట్రంకింగ్ పద్ధతులకు మాత్రం ఛానెళ్ళు వరుస తప్పకుండా ఎక్కించాలి.

ప్రోగ్రామ్ చేసినవాళ్ళు ఏం చేశారంటే, చుట్టుపక్కల కౌంటీల (మన జిల్లాల్లాంటివి) సిస్టమ్‌లన్నీ, ఎక్కడెక్కడి టవర్లన్నీ, ఎవరికీ అక్కర్లేని టాక్‌గ్రూపులన్నీ కలిపి కుక్కేశారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది, డబ్బుకు తగ్గ పని అనిపిస్తుంది. కానీ స్కానర్ ఒక్కో టవరు దగ్గరా ఆగి, కంట్రోల్ ఛానెల్ పట్టుకుని, చూసి, తర్వాతదానికి వెళ్ళాలి. ఆ చుట్టు పూర్తయి మన ఊరి టవరు దగ్గరికి వచ్చేసరికి మాట అయిపోతుంది. డబ్బు తీసుకుని ఇలా చేయడం నాకు నిజంగా కోపం తెప్పించింది.

ఈ స్కానర్‌ను కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ చేసే యూనిడెన్ వాళ్ళ సెంటినెల్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఒక ఫేవరెట్స్ లిస్ట్ పెట్టించాను. ఒకటే సిస్టమ్, వాడింటికి దగ్గరి సైట్ (టవరు) ఒక్కటే, పదకొండు టాక్‌గ్రూపులు. స్కానర్‌లోకి ఎక్కించాం, అంతా నిశ్శబ్దం. ఒక్క మాట లేదు. వాడి మొహం చూసి నాకూ టెన్షన్ పట్టుకుంది. కంట్రోల్ ఛానెల్ పడుతోంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, మాట మాత్రం లేదు. మర్నాడు పొద్దున్న మెనూలన్నీ ఒక్కొక్కటే తెరిపించి చూస్తే, సర్వీస్ టైప్స్‌లో ఫైర్ డిస్పాచ్ ఆఫ్‌లో ఉంది! ఆ రకాన్ని ఆన్ చేయకపోతే టాక్‌గ్రూప్ ఎంత సరిగ్గా ఎక్కించినా స్కానర్ దాన్ని పట్టించుకోదు. ఆన్ చేసిన రెండు నిమిషాలకు తెర మీద పేరు వెలిగి, ఒకావిడ గొంతు, ఏదో వీధి పేరు, ఛాతీ నొప్పి, వయసు 70 పైన అని స్పష్టంగా వినిపించింది. వెంటనే ఇంకొకాయన "బయల్దేరాం" అని ఇంగ్లీషులో జవాబిచ్చాడు. మొదలూ చివరా రెండూ అందాయి. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

ఈ సెట్‌కు అంత ధర ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ చాలా ఊళ్ళలో సైమల్‌కాస్ట్ ఉంటుంది, అంటే చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. దసరాల్లో కొండ కింద నిలబడితే దూరం దూరంగా కట్టిన మైకులన్నిటి నుంచీ ఒకే ప్రకటన కాస్త ముందూ వెనకా వచ్చి మాట చెదిరిపోతుంది చూడండి, అదే ఇబ్బంది. మామూలు డిజిటల్ స్కానర్లు అక్కడ గరగరలాడి తెగిపోతాయి. 2018లో వచ్చిన ఈ మోడల్‌లో రిసీవరు ఐ/క్యూ అనే పద్ధతిలో, అంటే సిగ్నల్ బలంతో పాటు దాని ఫేజ్‌ను కూడా పట్టుకుని, పనిచేస్తుంది కాబట్టి ఆ కలగాపులగం నుంచి కూడా మాటను లాగుతుంది. వాడింటి లోపలి గదిలో కూడా బాగానే పట్టింది.

లోపాలు లేవని కాదు. సెంటినెల్ విండోస్‌లోనే నడుస్తుంది. డీఎంఆర్, ఎన్‌ఎక్స్‌డీఎన్ అనే వేరే డిజిటల్ రేడియో పద్ధతుల్లోని మాటలు వినాలంటే మళ్ళీ విడిగా డబ్బు కట్టాలి, అంత ఖరీదు పెట్టాక ఇది అన్యాయం అనిపించింది. ఎన్‌క్రిప్ట్ చేసిన (రహస్య సంకేతంగా మార్చిన) మాటలు ఈ స్కానర్ కాదు, ఏ స్కానరూ వినిపించదు. అందుకే కొనేముందే రేడియో రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో మీ ఊరి టాక్‌గ్రూపులు చూడండి, మోడ్ గడిలో రెండూ పెద్ద అక్షరాలుగా 'DE' అని ఉంటే దాని మీద ఆశ వదులుకోండి. ఇంకోటి, స్కానర్ మీద చేత్తో ఏమైనా మార్చి ఉంటే ముందు దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాకే రైట్ (Write, అంటే స్కానర్‌లోకి ఎక్కించడం) నొక్కండి, లేకపోతే పాతది ఎక్కి మీ మార్పులన్నీ పోతాయి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ ఎన్‌ఓఏఏ ఇచ్చే హెచ్చరికలకు కౌంటీ కోడ్ పెట్టుకోవడం మర్చిపోవద్దు, నన్నడిగితే వాడింట్లో ఈ సెట్ చేసే అసలు పని అదే.

మన ఊళ్ళో దీన్ని కొనొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వద్దు. అనుమతి లేకుండా పోలీసుల మాటలో ఇంకొకరి మాటలో చాటుగా పట్టి వినడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద నేరం, 3 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు. రేడియో మీద ఇష్టం ఉంటే హామ్ లైసెన్సు తీసుకోండి, అప్పుడు వినడమే కాదు, మాట్లాడొచ్చు కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా పెద్దమ్మ వాళ్ళకు ఫోన్ కలవక ఒక రాత్రంతా కూర్చున్నాం, ఆ రాత్రి వాళ్ళ వీధిలో ఒక్క హామ్ సెట్ ఉన్నా కబురు తెలిసేది. హామ్ లైసెన్సులో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు 12 ఏళ్ళు నిండితే చాలు, మోర్స్ (చుక్కలూ గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు. మా అబ్బాయికి పదమూడు, ఇప్పుడు వాడు ఆ పరీక్షకు చదువుతున్నాడు.