ప్రజాప్రతినిధి ఓటు మార్చుకుంటే: ఏ కారణానికి మారడం మేలు?

నిన్న వద్దన్న బిల్లుకు ఇవాళ సరేనని ఓటేసిన సభ్యుణ్ణి చూస్తే మన నోట వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ఎంత ముట్టింది? ఫిరాయింపులు చూసి చూసి ఉన్న గుంటూరు, విజయవాడ జనానికి ఆ అనుమానం రావడంలో తప్పేమీ లేదు. కానీ వైద్యానికి సంబంధించిన చట్టాల దగ్గర అంతటితో ఆగిపోతే నష్టపోయేది మనమే. ఓటు మారడంలో రకాలున్నాయి. కొన్ని మార్పుల వల్ల పేషెంటుకు మేలు జరుగుతుంది, కొన్నిటి వల్ల నాయకుడికి తప్ప ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు.

ఈ రకాలు చూడటానికి అమెరికా ఉదాహరణలు బాగా పనికొస్తాయి. అక్కడ పెద్ద బిల్లుల మీద ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రికార్డులో ఉంటుంది. ఒబామా హయాంలో వచ్చిన వైద్య సంస్కరణ చట్టం 2010 మార్చి 21 రాత్రి ప్రతినిధుల సభలో 219-212 ఓట్లతో గట్టెక్కింది. పాత జబ్బు ఉందన్న కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ పాలసీ నిరాకరించకూడదన్నది అందులో ముఖ్యమైన మాట. మనకూ ఇది కొత్త సంగతి కాదు. షుగరో బీపీయో ఉన్నవాళ్లు ఇక్కడ హెల్త్ పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ పెడతారు. అది నాలుగేళ్ల దాకా ఉండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది.

ఆ చట్టం దగ్గర నన్ను బాగా ఆలోచింపజేసింది ఇద్దరు సభ్యుల కథ. ఒబామా పార్టీ అయిన డెమోక్రాట్లలో మిషిగన్ సభ్యుడు బార్ట్ స్టూపాక్, ప్రతిపక్ష రిపబ్లికన్లలో న్యూ ఆర్లియన్స్ సభ్యుడు జోసెఫ్ కావో. ఇద్దరిదీ ఒకటే అభ్యంతరం, ప్రభుత్వ డబ్బు గర్భస్రావాలకు పోకూడదని. ఆ అభిప్రాయంతో మనం ఏకీభవించాల్సిన పనిలేదు, వాళ్లు దాన్ని ఎలా నడిపించారన్నదే ఇక్కడ విషయం. 2009 నవంబరు 7న ప్రతినిధుల సభ తొలి బిల్లు మీద ఓటేసినప్పుడు ఆ అభ్యంతరాన్ని తీర్చే స్టూపాక్ సవరణ బిల్లులోనే చేరింది. ఇద్దరూ అనుకూలంగా ఓటేశారు. రిపబ్లికన్లలో అలా ఓటేసింది కావో ఒక్కడే. బిల్లు 220-215తో నెగ్గింది.

తర్వాత సీన్ మారింది. ఎగువ సభ అయిన సెనేట్ తన సొంత బిల్లు పాస్ చేసింది, అందులో ఆ సవరణ లేదు. 2010 జనవరిలో మసాచుసెట్స్ సీటు రిపబ్లికన్లకు పోవడంతో సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కు తేవడానికి కావలసిన 60 ఓట్లు డెమోక్రాట్లకు లేకుండా పోయాయి. ఇక సెనేట్ బిల్లునే ప్రతినిధుల సభ అక్షరం మార్చకుండా ఆమోదించాలి. సవరణకు దారి మూసుకుపోయింది. అప్పుడు ఒబామా, ప్రభుత్వ డబ్బు గర్భస్రావాలకు పోకుండా ఒక ఉత్తర్వు ఇస్తానని మాట ఇచ్చాడు. అప్పటిదాకా సెనేట్ బిల్లుకు వద్దంటున్న స్టూపాక్ దానికి ఒప్పుకుని అనుకూలంగా ఓటేశాడు. కావో ఒప్పుకోలేదు, ఈసారి వ్యతిరేకంగా ఓటేశాడు. ఉత్తర్వు మీద మార్చి 24న సంతకం పడింది. స్టూపాక్ ఆ ఏడాది మళ్లీ పోటీ చేయనని చెప్పేశాడు. కావో నవంబరులో ఓడిపోయాడు.

ఈ ఇద్దరిలో ఎవరి దారి మేలు? కాగితం బలం చూస్తే కావో మాటే సబబు. అధ్యక్షుడి ఉత్తర్వు వేరు, చట్టం వేరు. వచ్చే అధ్యక్షుడు ఒక్క సంతకంతో ఆ ఉత్తర్వు తీసిపారేయొచ్చు. చట్టం మార్చాలంటే మళ్లీ రెండు సభలూ ఓటేయాలి. అయినా నేను స్టూపాక్ వైపే ఉంటాను. తనకు కావలసింది పూర్తిగా దక్కకపోయినా, ఇన్సూరెన్స్ లేని జనాన్ని దానికోసం పణంగా పెట్టలేదు. ఎందుకు మారుతున్నాడో అందరి ముందూ చెప్పాడు, ఒక కాగితం చూపించాడు. కావో నియోజకవర్గంలో ఆ బిల్లు అవసరమైన పేదలు బోలెడు మంది. వాళ్ల పక్షాన నిలబడాల్సిన సమయంలో ఆయన సొంత నమ్మకం వైపు నిలబడ్డాడు. నిజాయితీపరుడే, కాదనను. కానీ ఆ నిజాయితీకి మూల్యం కట్టేది మరొకరు.

ఒహాయో డెమోక్రాట్ డెన్నిస్ కుసినిచ్‌ది ఇంకో దారి. అందరికీ ప్రభుత్వమే వైద్య బీమా ఇవ్వాలనేవాడు కాబట్టి ఈ బిల్లు చాలదని నవంబరులో వద్దన్నాడు. మార్చి 15న అధ్యక్షుడి విమానంలో ఒహాయో వెళ్లాడు, 17న మనసు మార్చుకున్నానని ప్రకటించాడు. ఆయన కోసం బిల్లులో ఒక్క పదమూ మారలేదు. లేనిదానికంటే ఉన్నది నయమనుకున్నాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు గౌరవం ఉంది. కానీ ఒక్కో ఓటూ లెక్కబెట్టుకుంటున్న సమయంలో ప్రతిఫలంగా స్టూపాక్‌లా ఒక కాగితమైనా రాబట్టకుండా ఓటిచ్చాడు. ఆ అవకాశం వృథా అయినట్టే.

మరి సవరణ బిల్లులోకే ఎక్కితే? అదే అన్నిటికంటే మేలనిపిస్తుంది కదా. ఇక్కడే జాగ్రత్త పడాలి. 2017లో ఒబామా చట్టాన్ని రద్దు చేసే బిల్లు వచ్చింది. పాత జబ్బులున్న వాళ్ల దగ్గర ఎక్కువ ప్రీమియం వసూలు చేసుకునే వెసులుబాటు రాష్ట్రాలు కోరుకుంటే ఇస్తానంది. మిషిగన్ రిపబ్లికన్ ఫ్రెడ్ అప్టన్ దీన్ని ఒప్పుకోనన్నాడు. మర్నాడే వైట్‌హౌస్‌లో మాట్లాడి వచ్చి సరేనన్నాడు. ఎందుకంటే అలాంటి రోగుల కోసం ఐదేళ్లకు 800 కోట్ల డాలర్లు అదనంగా బిల్లులో చేర్చారు. మే 4న బిల్లు 217-213తో నెగ్గింది. నోటిమాట కాదు, అచ్చులో ఉన్న అంకె. కానీ ఆ డబ్బు అవసరానికి చాలదని అప్పుడే విశ్లేషకులు లెక్కలు కట్టి చెప్పారు. సవరణ ఉండటం ఒక ఎత్తు, అది ఎంతమందికి సరిపోతుందన్నది మరో ఎత్తు. రెండో లెక్క చూడకుండా మొదటిదానికే తలూపితే, మారిన ఓటు మంచి పేరుకు తప్ప పేషెంటుకు పనికిరాదు.

ఆ రద్దు ప్రయత్నమే సెనేట్‌లో రిపబ్లికన్ సభ్యుడు జాన్ మెకెయిన్ దగ్గర ఆగింది. మెదడు క్యాన్సర్ ఉందని తేలిన కొద్దిరోజులకే, జులై 25న వాషింగ్టన్ తిరిగొచ్చి చర్చ మొదలుపెట్టడానికి అనుకూలంగా ఓటేశాడు. 28 తెల్లవారుజామున అసలు ఓటు దగ్గర బొటనవేలు కిందికి చూపించాడు. 49-51తో బిల్లు వీగిపోయింది. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి పద్ధతికి సంబంధించింది. కమిటీలో విచారణ లేదు, అవతలి పార్టీతో చర్చ లేదు, బిల్లు పాఠం బయటికొచ్చిన కొన్ని గంటలకే ఓటింగ్. పద్ధతి అనగానే చిన్న విషయంలా వినిపిస్తుంది గానీ, వైద్యం చట్టంలో ఒక్క వాక్యం తేడా వస్తే ఎవరి ఆపరేషన్ ఆగుతుందో చదవడానికి టైము లేకపోతే ఎవరు కనిపెడతారు? పద్ధతి పాటించాలన్న మెకెయిన్‌దే వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన కారణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ప్రకాశం బ్యారేజీ దాటి వెలగపూడి వెళ్తే అసెంబ్లీ. అక్కడ మన ఎమ్మెల్యే మెకెయిన్‌లా చేయగలడా? దాదాపు కుదరదు. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం ఎటు ఓటేయాలో పార్టీ జారీ చేసే విప్‌కు వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. అమ్ముడుపోవడాన్ని ఆపడానికి తెచ్చిన నిబంధన ఇది. దాంతోపాటే మనస్సాక్షితో మారే ఓటుకూ తాళం పడింది. కాబట్టి ఓటేసే రోజున మన ఎమ్మెల్యే మనసు మార్చాలనుకోవడం వృథా ప్రయాస. మార్చగలిగితే అంతకుముందే, బిల్లు రాస్తున్నప్పుడో, పార్టీ సమావేశంలోనో, బిల్లును పరిశీలించే సెలెక్ట్ కమిటీలోనో మార్చాలి.

మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల వీధుల్లో నడిచి చూడండి. పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి వచ్చిన వాళ్ల చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. స్కానింగ్ ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే నిన్నటి ఆరోగ్యశ్రీలో ఆ జబ్బు లేకపోయినా, చేరిన ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోయినా ఆ కవరు ఎమ్మెల్యే ఆఫీసుకు చేరుతుంది. సీఎం రిలీఫ్ ఫండ్‌కు లెటర్ కావాలి. పీఏ కాగితాలు సరిచూస్తాడు, లెటర్‌హెడ్ మీద సంతకం పడుతుంది, ఎన్నాళ్లకో ఖర్చులో కొంత వస్తుంది. ఆ లెటర్ల వల్ల ఊపిరి పీల్చుకున్న కుటుంబాలున్నాయి, దాన్ని తక్కువ చేయను. కానీ అదే జబ్బుతో రేపు ఇంకొకరు అదే కవరు పట్టుకుని వస్తారు. లెటర్‌తో ఒక్క బిల్లుకే సాయం, జాబితాలో ఆ చికిత్స చేరితే అందరికీ.

పైగా 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ట్రస్టు ద్వారా, జీవోల ద్వారా నడుస్తూ వచ్చింది. వైద్య పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచిందీ, ఆ తర్వాత పేరు మారిందీ ప్రభుత్వ నిర్ణయాలతోనే. స్టూపాక్ ఒప్పుకున్న ఉత్తర్వుకు ఉన్న బలహీనతే మన పథకానికీ ఉంది. దీని మీద ఎమ్మెల్యే ఓటు కచ్చితంగా పడేది బడ్జెట్ పద్దు దగ్గర. నెట్‌వర్క్ ఆసుపత్రులకు బకాయిలు పేరుకుపోయి సేవలు ఆపేస్తామన్న హెచ్చరికలు వచ్చినప్పుడల్లా మనం తిట్టుకుంటాం గానీ, ఆ పద్దు మీద మన ఎమ్మెల్యే ఏం మాట్లాడాడో అడిగేవాళ్లు అరుదు.

రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం ఇంకో పాఠం నేర్పింది. 2022లో బిల్లు పెట్టి, సెలెక్ట్ కమిటీకి పంపి, సవరణలతో 2023 మార్చి 21న పాస్ చేశారు. అత్యవసర చికిత్సను ముందుగా డబ్బు కట్టించుకోకుండా ఇవ్వాలన్నది అందులో కీలకం. ప్రైవేటు డాక్టర్లు సమ్మెకు దిగారు. ఏప్రిల్ 4న ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకుని, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రులను, ప్రభుత్వ స్థలమో రాయితీయో పొందని వాటినీ మినహాయిస్తామంది. ఎవరికి వర్తిస్తుందన్న అసలు ప్రశ్న ఎమ్మెల్యేలు చేతులెత్తాక, సభ బయట తేలింది. ఖర్చు ఎవరు భరిస్తారన్న డాక్టర్ల ప్రశ్న న్యాయమైనదే. దాన్ని కమిటీలోనే గట్టిగా తేల్చి ఉంటే పేషెంట్లు ఆ రెండు వారాలు నలిగేవాళ్లు కాదు.

అందుకే నన్ను అడిగితే, ఎమ్మెల్యేను ఓటు మార్చమని అడగడం కంటే కాగితం మార్పించమని అడగడం మేలు. ఒకే చికిత్స జాబితాలో లేక లెటర్ల కోసం వచ్చిన కేసులన్నీ ఒకచోట చేర్చి, ఆ చికిత్స పేరు, ఒక్కో కేసుకు అయిన ఖర్చు, చేయగలిగే ఆసుపత్రులు ఒక పేజీలో రాసి ఇవ్వాలి. ఆ ఆఫీసులోనే ఆ కాగితాలన్నీ ఉంటాయి కాబట్టి పీఏ కూడా తయారు చేయగలడు. పద్దుల చర్చ సాధారణంగా మార్చి ప్రాంతంలో వస్తుంది. అంతకు ముందే ఆ పేజీ ఎమ్మెల్యే చేతికి అందాలి.