మేకు పక్కన మూగబోయే మెషిన్: ఐరన్ బయాస్‌తో నా గొడవ

మల్టీ ఫ్రీక్వెన్సీ మెటల్ డిటెక్టర్, 11 అంగుళాల డబుల్ డి కాయిల్ (నేల మీద ఊపే చక్రం). బరువు, బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ సంగతులు పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. మోడల్ పేరూ చెప్పను. నా గొడవ ఒక్క సెట్టింగ్‌తోనే, అది రకరకాల పేర్లతో చాలా మెషిన్లలో ఉంది: ఐరన్ బయాస్, అంటే అనుమానపు సిగ్నల్‌ను ఇనుము వైపు ఎంత మొగ్గించాలో చెప్పే మీట. నా మెషిన్‌లో ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని బాగా ఎక్కువలో పెట్టి పంపారు. పాత సైనిక శిబిరాల జాడ వెతికేవాళ్లకు దీనంత నష్టం చేసే మీట ఇంకోటి లేదు.

మంచి ముందు చెప్పాలి. ఇనుము పెద్దగా లేని నేలలో, పాత ఫైరింగ్ రేంజ్‌లాంటి చోట, ఈ మెషిన్‌కు వంక పెట్టలేను. త్రీనాట్‌త్రీ (.303 రైఫిల్) ఖాళీ కేస్, అంటే పేలిన తూటా ఇత్తడి గొట్టం, మీదికి కాయిల్ రాగానే స్క్రీన్ మీద లోహం రకం చెప్పే అంకె నిలబడిపోతుంది, ఎటు నుంచి ఊపినా పెద్దగా కదలదు. సీసపు గుండు సైజును బట్టి ఆ అంకె పక్కనో కిందో పలుకుతుంది. నలిగిన అల్యూమినియం ముక్క కూడా అక్కడే పలుకుతుందనుకోండి, అది ఏ మెషిన్‌కైనా తప్పని తద్దినం.

శిబిరం దగ్గరికొస్తే కథ మారుతుంది. శిబిరమంటే మేకులే. సామాను పెట్టెలవి, గుర్రపు నాడాలవి, బండి చక్రాలవి. వీటి మధ్యే బొత్తాలు, బకిళ్లు, గుండ్లు పడి ఉంటాయి. మేకు నుంచి ఒక సిగ్నల్, ఇత్తడి నుంచి ఒక సిగ్నల్ విడివిడిగా రావు. కాయిల్ కింద ఒకేసారి ఉన్నవన్నీ కలిసిపోయి ఒకే మిశ్రమంగా వెనక్కి వస్తాయి. ఆ మిశ్రమం ఇనుమా కాదా అని మెషిన్ తేల్చాలి. ఐరన్ బయాస్ ఎక్కువగా ఉంటే, అనుమానం ఉన్న ప్రతిదాన్నీ ఇనుము ఖాతాలో వేసేస్తుంది. పైగా డిస్క్రిమినేషన్‌తో (వద్దనుకున్న లోహాల శబ్దం ఆపే సెట్టింగ్) ఇనుప శబ్దాన్ని ఆపేసి ఉంటే ఆ గొణుగుడు కూడా వినపడదు. నేల ఖాళీ అనుకుని దాటిపోతాం.

నమ్మకం కుదరకపోతే పది నిమిషాల పరీక్ష చాలు. ముందు లోహం లేని జాగా చూసుకోండి. 5 సెం.మీ. ఇనుప మేకును నేల మీద అడ్డంగా పెట్టి, పక్కనే ఖాళీ ఇత్తడి కేస్ ఉంచండి. కాయిల్‌ని 5 సెం.మీ. ఎత్తులో, ఒకే వేగంతో ఊపండి. కేస్‌ను 10 సెం.మీ. దూరం నుంచి మొదలుపెట్టి, సెంటీమీటరు చొప్పున మేకు దగ్గరికి జరుపుతూ, మంచి టోన్ ఎక్కడ తెగిపోతుందో రాసుకోండి. తర్వాత ఐరన్ బయాస్ సున్నా చేసి మళ్లీ మొదటి నుంచి. నా మెషిన్‌లో ఈ రెండింటికీ తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చివరగా మేకును కేస్ పైన 3 సెం.మీ. ఎత్తులో ఉంచి చూడండి, అన్నిటికన్నా కష్టమైన పరిస్థితి అదే. అయితే ఈ పరీక్షలో నెగ్గింది భూమిలోనూ నెగ్గుతుందని హామీ లేదు. పొలంలో మేకు ఒకటే ఉండదు, ఏది ఏ లోతులో ఏ వాలులో ఉందో తెలియదు.

బయాస్ సున్నాకు దించాక హాయిగా ఉంటుందా అంటే, ఉండదు. వంగిన మేకులు, తుప్పు రేకులు పిట్టల్లా కిచకిచమంటాయి. దాన్ని వడకట్టాల్సింది మన చెవే. పనికొచ్చే పద్ధతి ఇది: టోన్ వచ్చిన చోట 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్లీ ఊపాలి. రెండు దిక్కుల్లోనూ పలికితే తవ్వడమే. ఒక్క దిక్కులోనే పలికితే లోహం సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ నొక్కి చూడాలి. లోహం ఉన్న చోటు, టోన్ వచ్చిన చోటు వేరువేరైతే చాలావరకు అది మేకు కొన. ఇక్కడ ఓ చిక్కుంది: మేకు చాటున ఉన్న అసలు బొత్తాం కూడా ఒక్కోసారి ఒక్క దిక్కులోనే పలుకుతుంది. అందుకే శిబిరం నడిబొడ్డున నేను ఒక్క దిక్కు టోన్‌నీ వదలను. చుట్టుపక్కల పొలంలో అయితే వదిలేస్తాను.

కాయిల్ మార్చడం సెట్టింగ్ మార్చడం కన్నా ఎక్కువ పని చేస్తుంది. 6 అంగుళాల కాయిల్ కింద ఒకేసారి తక్కువ మేకులు పడతాయి. లోతు తగ్గుతుంది, నిజమే. కానీ మేకుల నేలలో లోతు ఎటూ ఉత్తదే. సెన్సిటివిటీ పూర్తిగా పెంచినా అంతే, గోల పెరుగుతుంది. పైన అంకె నిలబడుతుందని పొగిడాను కదా, అది పైపైన ఉన్నవాటికే. లోతు పెరిగేకొద్దీ అంకె అటూ ఇటూ ఊగుతుంది. మేకుల మధ్యైతే స్క్రీన్ చూడటమే మానేశాను.

ఇనుమును పూర్తిగా కోసేయడం ఇంకో కారణానికి కూడా తప్పు. సైనిక అవశేషాల్లో ఇనుపవి తక్కువేం కాదు: బాయొనెట్లు, స్టీల్ తూటా కేసులు, ఫిరంగి షెల్ పెంకులు, ఫిరంగి గుండ్లు. ఇనుప టోన్ వాల్యూమ్ తగ్గించి పెట్టుకోండి, సున్నా చేయకండి. పెద్ద ఇనుము ఒక్కోసారి ఇత్తడిలా మంచి అంకె కూడా చూపిస్తుంది. కాయిల్‌ని 30 సెం.మీ. పైకెత్తినా సిగ్నల్ పెద్దగా తగ్గకపోతే కింద పెద్ద సరుకుంది. షెల్ ఆకారం గానీ, ఇత్తడి ఫ్యూజ్ (షెల్‌ను పేల్చే మూత) గానీ కనిపిస్తే పార అక్కడే ఆపి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పాలి. తుప్పు పట్టినంత మాత్రాన పేలుడు మందు చావదు. తూటాకూ ఇదే మాట. ప్రైమర్ (తూటా అడుగున మంట పుట్టించే చిన్న బిళ్ల) మీద గుంట పడి ఉన్నా బుల్లెట్ ఇంకా కేస్‌లోనే ఉంటే అది పేలకుండా మిగిలిపోయిన తూటా.

మెషిన్ పని గుంత దాకానే, గుర్తింపు మన పని. త్రీనాట్‌త్రీ కేస్ పొడవు 56 మి.మీ., జర్మన్ మౌజర్ రైఫిల్ 7.92 కేస్ 57 మి.మీ., పొడవుతో తేల్చలేం. అడుగున అంచు చూడాలి: త్రీనాట్‌త్రీకి దాదాపు 13.7 మి.మీ. వ్యాసమున్న అంచు కేస్ కన్నా బయటికి పొడుచుకొస్తుంది, మౌజర్‌కు అంచు కేస్‌తో సమంగా ఉండి పైన గాడి ఉంటుంది. అడుగున రోమన్ అంకెల్లో ఏడు ఉంటే త్రీనాట్‌త్రీ మార్క్ 7, 1910 తర్వాతిది. పక్కన ఉన్న అంకెలు చాలాసార్లు తయారైన ఏడాది.

నలిగిన సీసపు గుండు వ్యాసం కొలవలేమని పారేయకండి. గ్రాముల్లో బరువును 0.168తో గుణించి ఘనమూలం తీస్తే అసలు వ్యాసం సెంటీమీటర్లలో వస్తుంది. 32 గ్రాములంటే 17.5 మి.మీ., పాత బ్రిటిష్ సైన్యపు బ్రౌన్ బెస్ మస్కెట్ (నోటి నుంచి మందు కూరే తుపాకీ) గుండు సైజు. 11 గ్రాముల దగ్గర, గట్టిగా ఉంటే మొదటి ప్రపంచ యుద్ధపు ష్రాప్‌నెల్ గుండు (ఫిరంగి షెల్ లోపల నింపే చిన్న గుండు) కావచ్చు. దాని సీసంలో యాంటిమొని అనే గట్టిపరిచే లోహం కలిసి ఉంటుంది కాబట్టి ఈ లెక్క కాస్త తప్పుతుంది. పైనున్న తెల్లటి పొరను గీకకండి, చేతులు కడుక్కోండి.

కొనాలా వద్దా అంటే, నేను వెతికేది అనుమతి ఉన్న శిబిరపు పొలాల్లో ఇత్తడి, సీసం. ఆ పనికి, బయాస్ సున్నాకు దించి 6 అంగుళాల కాయిల్ తగిలించాక, నాకు సరిపోయింది. బయాస్‌ను సున్నాకు దించనివ్వని మోడల్ అయితే నేను ముట్టుకోను. రేంజ్‌ల్లో, ఖాళీ పొలాల్లో తిరిగేవాళ్లకు ఈ సెట్టింగ్ ఎక్కడుందో కూడా తెలియకుండానే గడిచిపోవచ్చు. చెవి కిచకిచలు తట్టుకోలేని వాళ్లకు మాత్రం ఫ్యాక్టరీ సెట్టింగే ప్రాణానికి సుఖం.