ఒక్క జీతం, ఒక్క సంతకం: పెళ్లి కానివారికి గృహరుణ సేవ ఎలా ఉంది?

మియాపూర్ మెట్రో స్టేషనుకు దగ్గరలో రెండు పడకగదుల పాత ఫ్లాటు కొనడానికి ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో తీసుకున్న గృహరుణంపై నా అభిప్రాయం ఇది. నాకు నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. ఇంటి రుణాల గురించి తెలుగులో సమాచారం బాగానే దొరుకుతున్నా, అందులో ఎక్కువ భాగం భార్యాభర్తల జీతాలు కలిపి లెక్క వేసేదే. కనుక ఒక్క జీతంతో ఇల్లు కొనేవారికి ఈ సేవ ఎంతవరకు పనికివస్తుందో చెప్పడానికే పరిమితమవుతాను.

అసలు కొనడం ఎందుకని హైదరాబాదులో ఒంటరిగా అద్దెకు ఉన్నవారెవరూ అడగరు. టులెట్ బోర్డు కింద ‘ఓన్లీ ఫ్యామిలీస్’ అని రాసి ఉంటుంది. ఆ గడప ఎలాగో దాటినా, రాత్రి ఎన్నింటికి వస్తారు, ఇంటికి ఎవరెవరు వస్తుంటారు అన్న విచారణ తప్పదు. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన కుర్రాళ్లకు పెట్టే షరతులే ఇరవై ఏళ్ల సర్వీసున్న ఉద్యోగినికీ పెడతారు.

ఇక బ్యాంకు సంగతి. రుణ విభాగంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ‘మేడం, సార్ పేస్లిప్పులు తెచ్చారా?’ అని. సార్ ఎవరూ లేరని చెప్పాక, ‘అయితే నాన్నగారిని కో-అప్లికెంటుగా పెట్టండి, ఫైలు స్ట్రాంగ్‌గా ఉంటుంది’ అన్నారు. మా నాన్నగారికి డెబ్బై దాటాయి, పింఛనుతో ఉన్నారు. ఆస్తిలో వాటా లేకుండా రుణంలో సంతకం పెడితే హక్కు ఏమీ రాదు గాని, అప్పు మొత్తానికీ ఆయనా బాధ్యులవుతారు. ఆస్తిలో వాటా ఉన్నవారందరినీ రుణపత్రంలో చేరమనడం సబబే. అయితే ఆస్తి ఒక్కరి పేరునే ఉండి, వాయిదా కట్టడానికి ఆ ఒక్కరి జీతమే సరిపోతున్నప్పుడు రెండో సంతకం తప్పనిసరి అనే నిబంధన ఎక్కడుందో రాతపూర్వకంగా చూపించమని అడిగాను. నిబంధన ఏదీ రాలేదు గాని, ఫైలు మాత్రం నా ఒక్క పేరుతోనే ముందుకు కదిలింది. మీరూ నోటిమాటతో వదిలేయకుండా కాగితం మీదే అడగండి.

ఒంటరి కొనుగోలుదారుకు అసలు కష్టం వాయిదా దగ్గర కాదు, చేతిలో ఉండాల్సిన సొమ్ము దగ్గర వస్తుంది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉన్న గృహరుణాలలో ఇంటి విలువలో 80 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదు. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులను కలపరు. నా ఫ్లాటు ధర 65 లక్షలు, తీసుకున్న రుణం 50 లక్షలు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం, అంటే మరో 4,87,500 రూపాయలు. మొత్తం మీద ఇరవై లక్షలకు కాస్త తక్కువగా సొంత డబ్బు పెట్టవలసి వచ్చింది. దంపతులైతే ఇద్దరి పీఎఫ్, రెండువైపుల పెద్దల చేయూత ఉండవచ్చు. పెళ్లికని దాచిన డబ్బును పెళ్లి కాని కూతురి ఇంటికి ఇవ్వడానికి మన ఇళ్లలో ఎందరికి మనసు ఒప్పుతుందో మీకే తెలుసు. (మా ఇంట్లో ఒప్పింది, అయితే దానికి కొంత కాలం పట్టింది.) ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మకందారుకు ఇచ్చే మొత్తంలో 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారిదే. ఈ మాట బ్యాంకులో ఎవరూ గుర్తుచేయలేదు.

ఇరవై ఏళ్ల వ్యవధి తీసుకోమని గట్టిగా చెప్పారు. 50 లక్షలకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకైతే నెలసరి వాయిదా సుమారు 43,400, మొత్తం వడ్డీ 54 లక్షల పైచిలుకు. పదిహేనేళ్లకైతే వాయిదా 49,200 చిల్లర, వడ్డీ 38 లక్షల 60 వేలు. నెలకు ఆరువేల లోపు తేడాతో పదిహేను లక్షలు మిగలడం ఒక సంగతి. పదవీ విరమణ తరువాత వాయిదా కట్టడానికి ఇంట్లో రెండో జీతం ఉండదన్నది అంతకన్నా పెద్ద సంగతి. అందుకే పదిహేనేళ్లే ఎంచుకున్నాను. ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) పెరిగినప్పుడు బ్యాంకులు సాధారణంగా వాయిదాను ముట్టుకోకుండా వ్యవధిని సాగదీస్తాయి. వాయిదా పెంచుకోవాలా, వ్యవధి పొడిగించుకోవాలా అన్నది రుణగ్రహీతకే వదలాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. నేను వాయిదా పెంచడమే ఎంచుకుంటున్నట్టు రాసి ఇచ్చాను, దాన్ని పేచీ లేకుండా నమోదు చేశారు. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు కనుక, బోనసు వచ్చిన నెలలో అసలులోకి కొంత కడుతున్నాను. ఆ పని యాప్‌లోనే సాఫీగా సాగుతోంది. మహిళలకిచ్చే 0.05 శాతం వడ్డీ రాయితీని మాత్రం గొప్ప వరంలా చెప్పారు. లెక్క వేస్తే నెలకు నూట యాభై రూపాయల లోపే. దిల్లీలో స్టాంపు డ్యూటీ మగవారికన్నా ఆడవారికి 2 శాతం తక్కువ. ఆ తేడాతో పోలిస్తే ఇది ఏ మూలకు?

నాకు బాగా చిరాకు తెప్పించింది బీమా విషయం. రుణగ్రహీత పోతే అప్పు తీర్చేలా రుణానికి జతచేసే ఒకేసారి ప్రీమియం పాలసీని ‘అందరూ తీసుకుంటారు మేడం’ అంటూ ఫైలులో పెట్టేశారు. ప్రీమియాన్ని కూడా అప్పులోనే కలుపుతారు కనుక దానికీ పదిహేనేళ్లు వడ్డీ కట్టాలి. అది తప్పనిసరి కాదు కనుక తీయించేశాను. పైగా, నా సంపాదన మీద ఎవరూ ఆధారపడి లేనప్పుడు నేను పోయాక అప్పు తీరడం కన్నా, నేను బతికి ఉండి మంచాన పడితే వాయిదా ఎవరు కడతారన్నది పెద్ద ప్రశ్న. ఆ డబ్బుతో ఆరోగ్య బీమా మొత్తం పెంచుకుని, ఆరు నెలల వాయిదాలకు సరిపడే సొమ్మును డిపాజిట్‌లో ఉంచాను. తల్లిదండ్రులు మీ ఇంట్లోనే మీ జీతం మీద ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు విడిగా ఒక టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి జీవిత బీమా మాత్రమే ఇచ్చేది) తీసుకోవడం మేలు.

కాగితాల పరిశీలనకు పూర్తి మార్కులు ఇస్తాను. బ్యాంకు న్యాయవాది ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్యమనే అనుమతి పత్రం), అవిభాజ్య వాటా (స్థలంలో ఫ్లాటుకు వచ్చే భాగం) గజాలు అన్నీ వరసగా చూసి, పాత దస్తావేజులో ఫ్లాటు సరిహద్దు ఒకటి తప్పుగా పడిందని పట్టుకుని, అమ్మకందారు చేత సవరణ దస్తావేజు రాయించాకే సరేనన్నారు.

నేను లేకపోతే ఇల్లు ఎవరికి పోతుంది అన్నదానికి మాత్రం శాఖలో ఎవరి దగ్గరా జవాబు లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లి కాని స్త్రీ వీలునామా రాయకుండా పోతే స్వార్జిత ఆస్తి తల్లికీ తండ్రికీ, వారు లేకుంటే తండ్రి వారసులకూ చెందుతుంది. పెళ్లి కాని మగవాడి ఆస్తి ముందుగా తల్లికి పోతుంది, ఆమె లేకపోతేనే తండ్రికి. వేరెవరికైనా ఇవ్వాలనుకుంటే వీలునామా తప్ప దారి లేదు. దానికి ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలనీ, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలనీ రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబరు నుంచి అమలులో ఉంది. రుణగ్రహీత మరణిస్తే వారసులకు వాటిని అప్పగించే పద్ధతిని బ్యాంకు తన వెబ్‌సైటులో ఉంచాలని కూడా అందులో ఉంది. శాఖలో అడిగితే ‘ఇప్పుడే ఎందుకు మేడం ఆ మాటలు’ అన్నారు. వెబ్‌సైటులో నేనే వెతికి, ఆ పేజీని ముద్రించి వీలునామాతో పాటు పెట్టుకున్నాను.

ఐదుకు మూడు ఇస్తున్నాను. వడ్డీకి, న్యాయ పరిశీలనకు, యాప్‌కు ఆ మూడు. ఫైలు మొదటి పేజీలో భర్త పేరు గడి ఖాళీగా ఉంటే పని ఆగిపోయే ఆ కౌంటరుకు మిగిలిన రెండూ కోత.