తెర మీద పియానో కన్‌చెర్టో, స్ట్రాస్ స్వరకావ్యం: విజయవాడ ప్రదర్శన ఎలా ఉంది?

మొగల్రాజపురంలోని ఓ చిన్న ప్రివ్యూ హాల్లో ఆదివారం సింఫనీ కచేరీ చిత్రం వేశారు. రెండే రచనలు. ముందు రాఖ్మనినోవ్ రెండో పియానో కన్‌చెర్టో (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన, 1901), విరామం తర్వాత రిచర్డ్ స్ట్రాస్ స్వరకావ్యం (కథనో భావాన్నో ఆర్కెస్ట్రాతో చెప్పే రచన) ‘ఆల్సో ష్ప్రాఖ్ జరతూష్ట్ర’ (1896). ఒక్కోటీ సుమారు ముప్పైఅయిదు నిమిషాలు. దేశంలో వృత్తి సింఫనీ ఆర్కెస్ట్రా వినాలంటే ముంబయి వెళ్లాలి, 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అక్కడుంది. మనకు ఈ సంగీతం తెర మీదే దొరుకుతుంది. అందుకే వాయించినవాళ్ల ప్రతిభ ఎంత ముఖ్యమో, హాలువాళ్లు స్పీకర్లను సర్దిన తీరూ అంతే ముఖ్యం.

కన్‌చెర్టో చక్కగా కుదిరింది. మొదట ఆర్కెస్ట్రా ఊరుకుంటుంది. పియానో ఒక్కటే గుడిగంటల్లా కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) మోగిస్తూ, మెల్లగా మొదలై గట్టిపడుతుంది. ఆ కార్డుల్లో ఎడమచెయ్యి ఆక్టేవ్ (ఒక స్థాయి, సా నుంచి పై సా దాకా) దాటి ఇంకా సాగాలి. అంత చాపలేనివాళ్లు స్వరాలను ఒకదాని వెంట ఒకటిగా విరిచి వాయిస్తారు. వింటే తేడా తెలుస్తుంది, ఎందుకో తెలియదు. ఇక్కడ పైనుంచి తీసిన షాట్‌లో చేతి చాపు స్పష్టంగా కనపడింది. ఆ వెంటనే పాట వయొలిన్లదవుతుంది, పియానో కింద పరుగులు తీసే తోడు మాత్రమే. పియానోను మిక్స్‌లో మరీ ముందుకు తెస్తే ఈ చోటే చెడుతుంది. ఇందులో ఆ పొరపాటు లేదు. అయితే రెండో భాగంలో క్లారినెట్ తన పొడవాటి పాట ఎత్తుకుంటే కెమెరా పియానిస్టు మొహాన్నే పట్టుకుని కూర్చుంది. క్లారినెట్ ఊదేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూడాల్సిన ఘట్టం అది!

మొదటి భాగం అవగానే కొందరు చప్పట్లు కొట్టారు. కీర్తన పూర్తవగానే కొట్టడం మన అలవాటు, తప్పు వాళ్లది కాదు. మూడు భాగాలూ అయ్యాకే అని నిర్వాహకులు ముందు ఒక్క మాట చెప్పాల్సింది.

స్ట్రాస్ దగ్గర మాత్రం హాలు తేలిపోయింది. ఈ రచన డబుల్ బాసులు, కాంట్రాబాసూన్ (మంద్రంగా మోగే తీగ, ఊదుడు వాద్యాలు), ఆర్గన్ పట్టి ఉంచే అడుగు ‘సి’ స్వరంతో మొదలవుతుంది, సుమారు 33 హెర్ట్జ్. ఒకటో శ్రుతికి కట్టిన పెద్ద తంబురా మంద్ర షడ్జమానికి ఇంకో స్థాయి కింద. ఏసీ హోరులో అది వినపడక ఆపరేటర్ వాల్యూమ్ పెంచాడు. అంతలోనే ట్రంపెట్లు సా-పా-పై సా ఎక్కి, టింపనీ (పెద్ద భేరీల) దరువు పడి, ఆర్కెస్ట్రా మొత్తం లేచేసరికి ఆంప్లిఫయర్ హద్దు దాటి స్పీకర్లు గరగరలాడాయి. ఆ ఎక్కుడులో అసలు అందం గాంధారంలో ఉంది: మొదటిసారి అంతర గాంధారం నుంచి అర స్వరం కిందున్న సాధారణానికి జారుతుంది, రెండోసారి సాధారణం నుంచి అంతరానికి లేస్తుంది. ఆ అర స్వరమే గరగరలో కలిసిపోయింది.

వాల్యూమ్‌ను మొదటి శబ్దాన్ని బట్టి పెట్టకూడదు. జనం రాకముందే ఈ ఎక్కుడు చివర, ఆర్గన్‌తో సహా అందరూ మోగే చోటు వేసి, శుభ్రంగా వినిపించే మట్టం చూసుకుని, నాబ్ మీద గుర్తు పెట్టి మళ్లీ ముట్టుకోకూడదు. హాలును ముందే చల్లబరిచి, ఆ రెండు నిమిషాలు ఏసీ ఫ్యాన్ వేగం తగ్గిస్తే అడుగు ‘సి’ దానంతటదే వినపడుతుంది. సబ్‌వూఫర్ లేకుంటే మాత్రం ఏం చేసినా రాదు, టీవీ స్పీకర్లలో అసలే రాదు. ఇంట్లో చూసేవాళ్లకు మంచి హెడ్‌ఫోన్లే మేలు.

ఇంకోటి, కర్ర తగలకముందే టింపనీ దెబ్బ వినపడింది. ప్రొజెక్టర్ బొమ్మను సిద్ధం చేసేందుకు తీసుకునే జాప్యం అది. రిసీవర్‌లో (స్పీకర్లకు ధ్వని పంపే పెట్టెలో) ఆడియో డిలేను, అంటే ధ్వనిని ఆలస్యం చేసే అమరికను, 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ రెండూ కలిసేదాకా సర్దాలి. గుంటూరులో వేసేవాళ్లయినా ఈ రెండూ ముందు చూసుకోండి.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది. స్వరకావ్యం ఆగకుండా సాగుతుంది కాబట్టి, ఒక్కో ఘట్టం మారినప్పుడల్లా దాని పేరు తెర అడుగున వేశారు. కొత్తవాళ్లకు అదే దారి చూపింది. అర్ధరాత్రి గంట పన్నెండు దెబ్బలు ఒక్కోటీ తగ్గుతూ పోవడం లెక్కపెట్టగలిగారు. చివర్లో పైన ‘బి’ మేజర్ కార్డు నిలబడి ఉంటే, కింద బాసులు ఒప్పుకోకుండా ‘సి’ని మీటుతుంటాయి. స్ట్రాస్ ఆ తగువు తీర్చకుండానే వదిలేశాడు. ఆఖరి మీటు ఇంకా పడకముందే హాల్లో లైట్లు వేసేశారు.