పిల్లల బొమ్మల పుస్తకాల సెట్ ఆర్డర్ పెట్టేవాళ్లకు హెచ్చరిక

కడప చుట్టుపక్కల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. రకరకాల దేశాల, మతాల పిల్లల స్నేహం మీద పన్నెండు తెలుగు బొమ్మల పుస్తకాలు, 499 రూపాయలే, పార్సిల్ ఇంటికొచ్చాక డబ్బులిస్తే చాలు అని. దయచేసి ఆర్డర్ పెట్టకండి. మా పాప కోసం నేను తెప్పించాను.

వచ్చినవి అసలు పుస్తకాలు కావు. ఎవరివో ఇంగ్లీషు పుస్తకాలు స్కాన్ చేసి, అక్షరాల మీద తెల్ల పట్టీ వేసి, దానిపై తెలుగు అచ్చేశారు. కాగితం పల్చన, రంగులు మసక, పిన్నులు ఊడొస్తున్నాయి. అవైనా ఓర్చుకోవచ్చు. ఒకదాంట్లో రంజాన్ పండగనాడు ఒక పాప స్నేహితురాలికి సేమియా గిన్నె ఇచ్చే బొమ్మ ఉంది. తెల్ల పట్టీ సరిగ్గా ఆ స్నేహితురాలి ముఖం మీద పడింది. గిన్నె అందుకునే చేతులే కనిపిస్తున్నాయి. "అమ్మా, ఈ అమ్మాయెవరు?" అని మా పాప అడిగితే ఏం చెప్పాలి? ఇంకో కథలో యూసుఫ్ అనే పిల్లాడు సగం నుంచి జోసెఫ్ అయిపోయాడు.

ఉగాదికి మన ముస్లింలు దేవుని కడప గుడికొచ్చి, వెంకటేశ్వరుణ్ణి పెళ్లాడిన ముస్లిం అమ్మాయిగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ వరసన స్వామిని తమ అల్లుడిగా తలచి మొక్కుతారు. పెద్ద దర్గా ఉరుసుకు హిందువులు వెళతారు. ఇవి చూస్తూ పెరిగే పిల్లలకిచ్చే పుస్తకంలో పక్కింటి మనిషి ముఖమూ పేరూ సరిగ్గా ఉండొద్దా? నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

వెనక్కి తీసుకోమంటే, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయలేదు కదా అన్నారు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశారు.

ఇలాంటి సెట్ ఏదైనా కొనేముందు లోపలి మొదటి పేజీ ఫొటో పంపమని అడగండి. రచయిత, బొమ్మలు వేసినవాళ్లు, అనువాదకుల పేర్లు, ప్రచురణ సంస్థ చిరునామా ఉండాలి. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య, అంటే 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ కూడా చూడండి, కానీ దాన్నీ కాపీ కొట్టగలరు, అదొక్కటే నమ్మొద్దు. పేర్లు లేవంటే మాత్రం కొననే కొనకండి. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు కూడా, కాకపోతే రాసినవాళ్ల, బొమ్మలు వేసినవాళ్ల పేర్లు వేయాలి. ఉచితంగా ఇచ్చేచోటే ఆ షరతు ఉంటే, డబ్బు తీసుకునేవాళ్లు పేర్లు చెరిపేయడం దొంగతనమే. చేతిలో పుస్తకమే కావాలంటే చెన్నైలోని తూలికా అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తెలుగు, ఇంగ్లీషు రెండూ ఒకే పేజీలో ఉండేవి దొరుకుతాయి.

ఇప్పటికే ఈ సెట్ వచ్చినవాళ్లు పార్సిల్ కవర్ పారేయకండి. దాని మీది చీటీ, డబ్బు కట్టిన రుజువు, తెల్ల పట్టీల పేజీలు ఫొటోలు తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను చేశాను. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా మనం మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు.