వెర్కోర్ కొండల్లో రెండ్రోజులు: ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

ఫ్రాన్స్‌లో లియోన్ నుంచి వెర్కోర్ కొండలంటే పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చులే అనుకున్నాం, ఎందుకైనా మంచిదని ఒక నైట్ బుక్ చేశాం, చేయబట్టి బతికిపోయాం. గ్రెనోబుల్ దాకా ట్రైన్, అక్కణ్ణుంచి రెంటల్ కారు. కౌంటర్‌లో డెబిట్ కార్డు చెల్లదు, డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే కావాలన్నారు, బుకింగ్ చేసినప్పుడు ఆ ముక్క నాకెక్కడా కనపడలేదు, గంటన్నర అక్కడే పోయింది. అలా అని బస్సుల్ని నమ్ముకుంటే ఈ ఊళ్ళన్నీ తిరగలేరు.

ముందు వాస్యూ అనే ఊరికి వెళ్ళాం. 1944లో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, వాళ్ళ మీద తిరగబడి కొండల్లో దాక్కున్న కుర్రాళ్ళని మాకీలు అంటారు, జర్మనీ ఫ్యాక్టరీల్లో వెట్టిపనికి పంపుతారని పారిపోయి వచ్చినవాళ్ళు వీళ్ళలో చాలామంది. జులై 3న ఇక్కడ రిపబ్లిక్ కూడా ప్రకటించేశారు పాపం! మిత్రదేశాల విమానాల కోసమని వాస్యూ పక్కన నేల చదును చేస్తుంటే జులై 21న అక్కడ దిగినవి జర్మన్ గ్లైడర్లు, అంటే ఇంజిన్ లేని విమానాలు. ఊళ్ళో 73 మంది మామూలు జనాన్ని చంపేశారు. అలాంటి ఒక గ్లైడర్ శిథిలం ఇంకా ఉంది, సన్నటి ఇనప గొట్టాల పంజరం అంతే, ఇంత బక్కదాంట్లోనా సైనికులొచ్చింది అనిపించింది.

పైన లాషో కనుమ దగ్గర మెమోరియల్ 1994లో కట్టారు, కొండలోకి దూర్చినట్టుంటుంది. బిల్డింగ్ సూపర్, కానీ నాకు లోపల ఎగ్జిబిషన్ కన్నా బయట వ్యూనే గుర్తుంది. టైమ్ తక్కువుంటే అది వదిలేసి లుయీర్ గుహకి వెళ్ళండి. గాయపడ్డవాళ్ళని ఆ గుహలో దాచి వైద్యం చేస్తుంటే జులై 27న దొరికిపోయారు. కదల్లేనివాళ్ళని అక్కడే చంపేశారు, ఇద్దరు డాక్టర్లనీ ఒక ఫాదర్‌నీ గ్రెనోబుల్‌లో కాల్చేశారు, నర్సుల్ని నాజీలు ఆడవాళ్ళని బంధించే రావెన్స్‌బ్రుక్ క్యాంపుకి పంపారు. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే ఒక్కసారి చలి కొడుతుంది, స్ట్రెచర్ల మీద పడుకున్నవాళ్ళకి ఎలా ఉండేదో అని అక్కడే నిలబడిపోయా.

రాత్రికి లా షపెల్ అనే ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో రూమ్. దుప్పట్లు శుభ్రం, వైఫై దండగ. వెజ్ వాళ్ళకి రావియోల్ అని చీజ్ పెట్టిన బుల్లి బుల్లి పాస్తా దొరుకుతుంది, బావుంది గానీ కాస్త కారప్పొడి ఉంటే ఇంకా బావుండేది. మధ్యాహ్నం రెండు దాటాక హోటల్‌కి వెళ్తే మాత్రం వంటిల్లు మూసేశాం అన్నారు, చిప్స్‌తో సరిపెట్టుకున్నాం. పొద్దున్నే ఆ ఊళ్ళోనే 16 మంది కుర్రాళ్ళని నిలబెట్టి కాల్చిన పెరడు చూశాం. మెయిన్ రోడ్డుకి అడుగుల దూరం, మేమున్నంతసేపూ ఇంకో మనిషి రాలేదు.