హెక్స్ పజిల్: ఫోన్‌లోనా, కాగితం మీదా?

హెక్స్ అంటే ఆరు భుజాల గళ్ల పలక మీద ఇద్దరు వంతులవారీగా గింజలు పెట్టే ఆట. పలకకు ఎదురెదురుగా ఉన్న మీ రెండు అంచులనూ మీ గింజలతో కలిపితే గెలుపు; డ్రా ఉండదు. 1942లో పీట్ హైన్ డెన్మార్క్ పత్రిక పొలిటికెన్‌లో దీన్ని పరిచయం చేశారు.

మియాపూర్ మెట్రోలో ఫోన్ మీద పజిల్ చేయడం, అంటే ఇచ్చిన అమరికలో గెలిపించే గడి కనిపెట్టడం, సుఖమే. తోచిన గడి నొక్కడం, తప్పితే వెనక్కి తీసుకోవడం. జవాబు దొరుకుతుంది, కారణం దొరకదు.

ఇంట్లో కాగితం మీద చింతగింజలు పేర్చి, కదపకుండా చూస్తాను. రెండు గింజలను కలిపే ఖాళీ గళ్లు రెండుంటే అది వంతెన: ఎదుటివాళ్లు ఒకదాంట్లో దూరితే నేను రెండోది వేస్తాను, దారి తెగదు. కానీ పక్కపక్కనున్న రెండు వంతెనలకు ఒకే ఖాళీ గడి ఉమ్మడిగా ఉంటే? అక్కడ ఒక్క గింజ పడితే చాలు, రెండిట్లో ఒకటి పోతుంది. ఫోన్‌లో ఎన్నిసార్లు ఓడినా తెలియని ఈ కిటుకు, గింజల ముందు అరగంట కూర్చుంటే కనబడింది. నాకు కాగితమే ఇష్టం.